అట్టపెట్టెకు గుమ్మడికాయ కట్టిన నేరం

నాగరికత అంటే మరేమీ కాదు, ప్రతి వాసనకూ ఒక యజమానిని వెతికి పట్టుకోవడం. యజమాని దొరికిన వాసన ప్రభుత్వ నియంత్రణలోకి వస్తుంది. దొరకనిదాన్ని గాలి అంటారు. (నంద్యాలలో ఇనుప సామాన్ల కొట్టు నడిపే నాకు ఈ సూత్రం కాస్త ఆలస్యంగా బోధపడింది.)

నాకు ఒక్కటే దురలవాటు. ఆదివారాలు బొమ్మ లారీలు చేస్తాను. అమ్మను. అమ్మకుండా ఏదైనా తయారుచేయడం మా వంశంలో నాతోనే మొదలు.

ఈసారి చేసింది మా సొంత లారీ నమూనా. ఆ లారీని ఆళ్లగడ్డ యేసుదాసు వయసంతా ధారపోసి నడిపాడు. ఇప్పుడు దానికి కాలం తీరిందని తుక్కుకు పంపుతున్నాం. "పెద్దదాన్ని ఈడ్సుకపోయేలోగా చిన్నది నా చేతిలో పెట్టప్పా. రంగు మాత్రం అదే ఉండాల" అన్నాడు. ఆయన నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. (జీతం పెంచమని కూడా ఎన్నడూ అడగలేదు. అందుకే ఆయనంటే నాకు అంత గౌరవం.)

ఇంట్లో స్ప్రే కొడితే అన్నం థిన్నరు వాసన వేస్తోందని నా భార్య ఇంద్రజ తేల్చిచెప్పింది. అందుకని టీవీ వచ్చిన అట్టపెట్టెను పక్కకు తిప్పి, వెనక ఎగ్జాస్టు ఫ్యాను బిగించి, రంగు తుంపర్లు ఆగడానికి ముందు కూలరు గడ్డి అడ్డం పెట్టి, పైపును కిటికీలోంచి బయటికి వదిలాను. లోపల లారీ పెట్టి, చేతులు దూర్చి రంగు కొట్టుకోవాలి. పనితనం చూసి నేనే మెచ్చుకున్నాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ రోజూ పూజ చేసి కొట్టు తెరిచే చేతులు ఊరుకోవు. పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, పైపు బయటికొచ్చే కిటికీకి దిష్టి తగలకుండా బూడిద గుమ్మడికాయ కట్టాను. అది వీధి మొదటి నుంచి కనబడేది.

కాలుష్య నియంత్రణ మండలి, సూక్ష్మ ధూమాల ఉపవిభాగం పరిశీలకుడు అజయ్ కుమార్ వచ్చాడు. పెట్టెను చూడలేదు. కాయను చూశాడు.

"ఊరకే చేసుకునే పనికి గుమ్మడికాయ యాడన్నా కడతారా? ఇది యాపారమే."

ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి.

ఆ క్షణం నుంచి అట్టపెట్టె పరిశ్రమ అయింది. పరిశ్రమకు సిబ్బంది ఉండాలి. పని సమయంలో లోపల ఉండేవి నా చేతులే కాబట్టి అవి రెండూ సిబ్బందిగా, బయట ఉండే మిగతా నేను యజమానిగా నమోదయ్యాం. సిబ్బందికి విశ్రాంతి ఇస్తున్నారా అని యజమానిని అడిగారు. భోజనం వేళ కూడా కుడిచేతికి పని తప్పడం లేదని నిజం చెప్పాను. శ్రమదోపిడీ కింద రాసుకున్నారు.

అగ్నిప్రమాదం జరిగితే సిబ్బంది తప్పించుకోవడానికి రెండో దారి కావాలన్నారు. కత్తితో పక్కన కోశాను. ఆ దారిలోంచి పొగ బయటికొస్తోంది కాబట్టి మూసేయమన్నారు. దారి ఉండాలి, తెరిచి ఉండకూడదు. టేపు అంటించాను. టేపుకు మంటను తట్టుకునే శక్తి ఉందని రుజువు తెమ్మన్నారు. (తెచ్చాను. టేపు మా కొట్టుదే.)

ఇంతలో తుక్కువాళ్లు వచ్చే రోజు దగ్గరపడింది. యేసుదాసు ఫోన్ చేసి లారీ సంగతి అడగకుండా నా ఆరోగ్యం అడగసాగాడు. అది మరీ కష్టంగా ఉండేది.

చివరికి అనుమతి వచ్చింది. కాగితాల్లో 'గది' అయిన అట్టపెట్టెను నడుపుకోవచ్చు, లోపల రంగు కొట్టకూడదు.

మరి రంగు యాడ కొట్టాలని అజయ్ కుమార్‌నే అడిగాను.

"వీధిలో కొట్టుకో అన్నా. ఆడ గది లేదు, ఫ్యాను లేదు, కాయ లేదు. ఇంక మాకేం పని?" అన్నాడు. మంచి మనిషి.

తుక్కువాళ్లు పెద్ద లారీకి గొలుసు తగిలిస్తూ ఉండగా, నేను ఇంటికి ఆనుకునే ఉన్న మా కొట్టు ముందు రోడ్డు మీద కూర్చుని చిన్నదానికి రంగు కొట్టాను. వీధి వీధంతా థిన్నరు వాసన. పక్కింటివాళ్లు తలుపులు మూసుకున్నారు. ఇంద్రజ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గడపలో నిలబడింది. పోతున్న ఆటోలు లేపిన దుమ్ము పచ్చి రంగు మీద నిండుగా అంటుకుంది.

ఆళ్లగడ్డ బస్సు దిగి యేసుదాసు వచ్చేసరికి పెద్ద లారీ మలుపు తిరుగుతోంది. దాన్ని కనబడినంతసేపు చూసి, చిన్నదాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. ఊదాడు. దుమ్ము పోలేదు.

జరిగిందంతా చెప్పాను. యేసుదాసు లారీ పోయిన మలుపు వైపు తల తిప్పాడు.

"మన పెద్ద బండి ఆళ్లగడ్డ రోడ్డంతా నల్లగా పొగ కక్కుకుంటా ఇన్నేండ్లు తిరిగె గదప్పా. ఒక్కడన్నా ఆపలేదే."

దానికి కాలుష్యం లేదని సర్టిఫికెట్ ఉండేదని చెప్పాను.