ఉత్తరం తలగా పడుకున్న ఆటపెట్టె

ఆ పొద్దున టోకుజీకి ఒక్కటే పని. పాత వీడియో ఆట సర్క్యూట్ బోర్డును కొత్త క్యాబినెట్‌కి తగిలించి, మూడింటికి స్నానశాల తలుపులు తెరిచేలోగా నడిపించడం. అయితే గొడవ మాత్రం లేబుళ్ల దగ్గర మొదలైంది.

"ఊరగాయ జాడీలకని తెచ్చుకున్న లేబుళ్లండీ అవి!" అంది భార్య హిసానో. "ఒక్కటి కూడా మిగల్చలేదా?"

"ముప్పై ఆరు వైర్లు. ముప్పై ఆరు లేబుళ్లు. నేనేం చేసేది?"

"అడిగి తీసుకోవాలి. ఈ ఏడాది రేగు ఊరగాయ ఏదో, పోయినేడాదిది ఏదో, ఇప్పుడు నాలిక పెట్టి చూడమంటారా?"

"పోయినేడాదిది ఉప్పగా ఉంటుంది."

"రెండూ ఉప్పగానే ఉన్నాయి. నీళ్ల పొయ్యిలో కట్టెలు వేశారా?"

"వేస్తా, వేస్తా. అమ్మ మళ్లీ మన స్నానశాలకి రావాలా, వద్దా? అది చెప్పు ముందు."

జపాన్‌లోని అమగసాకిలో నలభై ఏళ్లుగా ఊరిజనం డబ్బిచ్చి స్నానం చేసే స్నానశాల నడుపుతున్న కుటుంబం వాళ్లది. ఆ కుటుంబపు పెద్దదిక్కు, టోకుజీ తల్లి సదాయె, నెల రోజులుగా తువ్వాలు భుజాన వేసుకుని స్టేషన్ దగ్గరి కొత్త స్నానశాలకి పోతోంది. భోజనం ఇక్కడ, నిద్ర ఇక్కడ, స్నానం మాత్రం పోటీవాడి దగ్గర. మిఠాయి కొట్టువాడి తల్లి పక్క కొట్లో మిఠాయి కొనుక్కున్నట్టే ఉంది వరస. ఆవిడ వెనకాలే అయిదుగురు ముసలమ్మలు కూడా అటు మళ్లారు. ఇంకో నెల ఇలాగే సాగితే ఆడవాళ్ల వైపు తలుపులు మూసుకోవడమే.

కారణం టోకుజీకి తెలుసు. హాల్లో చాపల గది మూల ఉండే బల్ల ఆట చెడిపోయింది. గబ్బిలాలను ఓడతో కాల్చే ఆట అది. స్నానం కాగానే చల్లని పాలసీసా పక్కన పెట్టుకుని సదాయె రోజూ గంటసేపు కాల్చేది. సరిగ్గా నెల క్రితం దాని తెర కాలిపోయింది. బోర్డుకి మాత్రం ఏమీ కాలేదు. అందుకని ఆకాషీ ఊళ్లో ఆటల కొట్టు మూసేస్తున్న స్నేహితుడి దగ్గర టోకుజీ ఒక నిలువెత్తు క్యాబినెట్ అడిగి, ఆ స్నేహితుడి చేతే ఆ పొద్దున ట్రక్కులో తెప్పించాడు.

చిక్కంతా అతికించే చోట వచ్చింది. బోర్డు అంచూ, క్యాబినెట్ తొడుగూ ఒకదానిలో ఒకటి చక్కగా దిగుతాయి. అలా దిగడమే ప్రమాదం, ఎందుకంటే రెంటిలో వైర్ల వరస వేరు. అయిదు వోల్టులు అందాల్సిన చోట పన్నెండు అందితే, నలభై ఏళ్ల బోర్డు ఒక్క చిటికెలో పొగైపోతుంది. అందుకని నెల రోజులుగా టోకుజీ మధ్యలో తగిలించే వైర్ల కట్ట ఒకటి కుట్టుకుంటూ కూర్చున్నాడు.

కోపం తగ్గకపోయినా, స్విచ్ వేసే ముందు హిసానో వచ్చి కళ్లద్దాలు పెట్టుకుని, కాగితంలోని పట్టికతో లేబుళ్లన్నీ సరిచూసింది.

"ఏమండీ, అయిదూ పన్నెండూ తారుమారయ్యాయి."

టోకుజీ చూసుకున్నాడు. నిజమే. "పరీక్షిద్దామని అలా పెట్టా," అన్నాడు, వాటిని మార్చేస్తూ.

స్విచ్ వేశారు. తెర వెలిగింది. గబ్బిలాలు వచ్చాయి, కానీ పైనుంచి కిందికి కాకుండా ఎడమ నుంచి కుడికి వచ్చాయి. పాత ఆట నిలువు తెరకి తయారైంది, ఈ క్యాబినెట్‌ది అడ్డ తెర.

"మెడ పక్కకి వంచితే సరిపోతుంది," అన్నాడు స్నేహితుడు.

"మా అమ్మకి డెబ్భై తొమ్మిది. ఆవిడ మెడ వంచడం ఈ ఇంట్లో ఎవరూ చూడలేదు," అన్నాడు టోకుజీ.

తెర గాజు గొట్టాన్ని తిప్పాలంటే చట్రం ఒప్పదు. పైగా ముట్టుకుంటే మనిషి ఎగిరిపడేంత కరెంటు. అప్పుడు టోకుజీకి ఒక ఆలోచన తట్టింది. తెర తిరగకపోతే పెట్టెనే తిప్పవచ్చు. ఇద్దరూ కలిసి క్యాబినెట్‌ని చాపల మీద పక్కకి పడుకోబెట్టారు. గబ్బిలాలు బుద్ధిగా పైనుంచి దిగసాగాయి. మీటలున్న పలకను ఊడదీసి, వైర్లు సాగదీసి, ఒక పొట్టి బల్ల మీద పెట్టి, దాని ముందు మెత్త వేశారు. ప్లగ్గు ఉత్తరం గోడకి ఉంది కాబట్టి పెట్టె పైభాగం ఉత్తరానికి వచ్చింది. నాణెం వేయకుండానే అమ్మ ఆడుకోవాలని టోకుజీ తొంభై ఆటలు ముందే లెక్కించి పెట్టాడు. పాత బోర్డు గదా, మూడు గంటలు ఆపకుండా నడిస్తే గాని నమ్మకం లేదని ఆన్‌లోనే ఉంచాడు. ఎవరూ ఆడనప్పుడు అది చప్పుడు చెయ్యదు.

స్నేహితుడు వెళ్లిపోయాడు. గీతలు పడిన ఆ పెట్టెని చూడలేక హిసానో, ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి ఒకటి తెచ్చి, పెట్టె మీదా బల్ల మీదా ఒక్క ముడత లేకుండా కప్పింది.

పన్నెండింటికి వీధి సంఘం పెద్ద కువబరా, ఇంటింటికీ చేతులు మారే నోటీసు అట్ట పట్టుకుని వచ్చాడు. గది గుమ్మంలోనే ఆగిపోయాడు. తెల్లగుడ్డ. దాని కింద మనిషంత పొడవు పెట్టె. తల ఉత్తరానికి, అక్కడ శవాన్ని పడుకోబెట్టే దిక్కుకి. నెల రోజులుగా ఈ హాల్లో కనిపించని సదాయె. ఆయన మెల్లగా టోపీ తీశాడు.

ఇలాంటి సమయాల్లో ఆ వీధిలో మాట పూర్తి చెయ్యడం మోటు. సగంలో ఆపి తల దించుకోవడం మర్యాద.

"ఇది... ఎప్పుడు..."

"పొద్దున పదింటికండీ," అంది హిసానో, దుప్పటి అంచు సరిచేస్తూ.

"ఇంత అకస్మాత్తుగా... మరి మేము..."

"లేదండీ, నెల్లాళ్లుగా ఆయన పడుతూనే ఉన్నారు. ఇవాళ్టికి తెమిలింది."

"అయ్యో. మీకు కూడా... ఎంతో..."

"అత్తయ్య కోసం ఆ మాత్రం చెయ్యకపోతే ఎలాగండీ! మూడింటికి తలుపులు తెరుస్తాం. పదిమందీ వస్తే ఆవిడకీ తృప్తి. మీరూ రండి."

కువబరా నడుము విరిగేలా వంగి నమస్కరించాడు. చావు జరిగిన ఇంటికి నోటీసులు ఇచ్చి ఇబ్బంది పెట్టకూడదు కాబట్టి, అట్టని చంకలోనే దాచుకుని, దానికి 'సదాయె గారు... మూడింటికి...' అని చీటీ అంటించి పక్కింటికి పట్టుకుపోయాడు. మనిషి అదోలా ఉన్నాడేమిటని హిసానో అనుకుంది, కానీ అడగలేదు. అడగడం కూడా మోటే.

మూడుకి పావుగంట ముందు మేడమీది కిటికీలోంచి చూసి ఆమె గతుక్కుమంది.

"ఏమండీ! వీధి వీధంతా నల్లబట్టల్లో మన గుమ్మం ముందు నిలబడింది!"

"ఎవరో పోయుంటారు," అన్నాడు టోకుజీ. "అందరూ ఇక్కడ కలుసుకుని వెళ్తున్నట్టున్నారు. ఎవరట?"

"నోటీసు అట్ట ఈసారి మనకి అందనే లేదు. ఇప్పుడు కిందికి వెళ్లి 'ఎవరండీ పోయింది' అని అడిగామంటే ఇక తలెత్తుకోలేం. నల్ల కోటు తొడగండి. టై వెతుకుతాను. నోరు మాత్రం విప్పకండి."

అలా ఆ ఇంటి మొగుడూ పెళ్లాలు నల్లబట్టలు కట్టుకుని, ముఖాలు చిన్నబుచ్చుకుని, ఎవరి చావో తెలియకుండానే తమ గుమ్మంలో నిలబడ్డారు. వచ్చిన ప్రతివాళ్లూ వాళ్ల ముందు సగం వాక్యం చెప్పి తల దించారు. వాళ్లూ సగం వాక్యమే చెప్పి తల దించారు. ఎక్కడా లోటు రాలేదు.

నలభైమంది లోపలికి వచ్చి చాపల మీద వరసగా కూర్చున్నారు. వీళ్లంతా ఇక్కడెందుకు కూర్చుంటున్నారని హిసానో మొగుడి వైపు చూసింది. టోకుజీ గోడ వైపు చూశాడు. కువబరా ముందుకు జరిగి, మెత్త మీద మోకాళ్లూని, తెచ్చిన తెల్ల చేమంతుల కూజాని పొట్టి బల్ల మీద భక్తిగా పెట్టాడు.

తెల్లగుడ్డ కింద మీట నొక్కుకుంది.

టిటిటిం-టిటిం-టిం!

ఎవరూ కదల్లేదు. పెట్టెలోంచి గబ్బిలాలు కీచుమన్నాయి. ఓడ ఢామ్మంది. మళ్లీ టిటిటిం. నలభైమందీ చేతులు జోడించే ఉన్నారు.

వెనక వరసలో తోఫు కొట్టు ముసలాయన ముక్కు తుడుచుకుని పక్కవాడి చెవిలో అన్నాడు. "ఆవిడకి ప్రాణమైన ఆటని కూడా పెట్టెలో పక్కనే పెట్టి పంపుతున్నాడు. కంటే అలాంటి కొడుకుని కనాలి."

ఆ మాట చెవిన పడేసరికి టోకుజీకి సంగతంతా అర్థమైంది. నోరు తెరిచాడు. మొదటిసారిగా పూర్తి వాక్యం చెప్పాలనుకున్నాడు.

అప్పుడే గుమ్మంలో చెక్క చెప్పుల చప్పుడైంది. తడిజుట్టు, చంకలో సబ్బు గిన్నె, వెనకాల అయిదుగురు ముసలమ్మలు. సదాయె.

"ఇంటి ముందు చెప్పుల కొట్టు పెట్టినట్టుంది. ఎవరురా పోయింది?"

ఆ వీధిలో వాక్యం పూర్తి చేసే మనిషి ఆవిడొక్కతే.

కువబరా నుదురు చాపకి ఆనించేశాడు. "అమ్మా... మరి... మీరే..."

"నేనా? ఎప్పుడు?"

"పొద్దున పదింటికి," అంది వెనకనుంచి ఎవరిదో నోరు, అలవాటు కొద్దీ.

సదాయె నలభై నల్లబట్టలనీ ఒకసారి చూసింది. ఎవరెవరు రాలేదో కూడా చూసినట్టే ఉంది. తర్వాత గుడ్డ పట్టుకుని లాగేసింది. తెర మీద ఓడ, కూజా బరువు కింద, ఒకే చోట నిలబడి చస్తోంది.

"నా ఓడ పట్టుకుని ఎవడురా ఇంత దరిద్రంగా ఆడుతున్నది?"

"పూలు, అమ్మగారూ," అన్నాడు కువబరా.

ఆవిడ కూజాని పక్కన పెట్టి, మెత్త మీద కూర్చుని, ఆట మొదలుపెట్టింది. సంతాపానికి వచ్చినవాళ్లు ముందు ఊపిరి బిగబట్టారు, మూడో మెట్టు దాటేసరికి చప్పట్లు కొట్టారు. టోకుజీ మాత్రం ఆ చప్పట్ల చాటున జారుకుని, వెనక పొయ్యి గదిలో దూరి తలుపేసుకున్నాడు. బయటికి రావడానికి ముఖం లేదు. ఊరికే కూర్చోవడానికీ మనసొప్పలేదు. కనపడిన కట్టెనల్లా పొయ్యిలోకి విసిరాడు. నవ్వుకుంటూ ఉత్తినే ఇంటికి పోవడం బాగుండదని నలభైమందీ తువ్వాళ్లు తీసుకుని లోపలికి నడిచారు. కాసేపటికి రెండు వైపుల నుంచీ "అబ్బా!" అని హాయిగా మూలుగులు వినిపించాయి.

సాయంత్రం కౌంటర్ దగ్గర కువబరా తనంతట తానే కూర్చున్నాడు. ప్రాయశ్చిత్తమట. ఆయనకి కౌంటర్ అప్పగించి ముగ్గురూ లోపలి గదిలో భోజనానికి కూర్చున్నారు. కాల్చిన చేప, ముల్లంగి పులుసు, వేడన్నం.

"చెబుతున్నా వినండి," అంది సదాయె. "రేపట్నుంచి స్నానం ఇక్కడే."

టోకుజీ ముఖం వెలిగింది. "చెప్పలేదా హిసానో! ఆట కోసమే పోయిందని నాకు మొదటిరోజే తెలుసు."

"ఆటేమిట్రా? అక్కడ ఆటే లేదు."

"మరి?"

"వేడి నీళ్లున్నాయి. ఆ బల్ల చెడిన రోజు నుంచీ నువ్వు వైర్లు ముందేసుకుని కూర్చున్నావు. పొయ్యి మొహం చూసిందెవరు? నెల్లాళ్లు ముసలిదాన్ని చల్లారిన చారులో ముంచావు. ఇవాళ మళ్లీ మీ నాన్న రోజుల్లోలాగా కాగాయి నీళ్లు. చెయ్యి పెట్టి చూశాను. అందుకే వస్తానంటున్నాను."

హిసానో చేపముల్లు తీయడంలో చాలా శ్రద్ధ చూపించింది.

"ఇకనుంచి నువ్వు పొయ్యి దాటి రాకు," అని తీర్మానం చదివింది సదాయె. "ఆ పెట్టెకి జలుబు చేసినా, జ్వరం వచ్చినా కోడలు చూసుకుంటుంది. దానికి కళ్లున్నాయి. ఏం హిసానో?"

"మీ ఇష్టం అత్తయ్యా," అంది హిసానో, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

టోకుజీ మెకానిక్కుతనం ఆ పూట ముల్లంగి పులుసు దగ్గర కన్నుమూసింది. దానికి మాత్రం ఎవరూ పూలు తేలేదు.