ముందు కెమెరా తినాలి

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురం. గడప పక్కన చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న అమ్మమ్మ యల్లమ్మ, ఎదురుగా ఇంకో చేటతో కమల అత్త, అద్దం ముందు మూడోసారి జడ మారుస్తున్న అత్త కూతురు ఋతుజ వదిన, పదో తరగతి పరీక్షలు రాసి సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సోలాపూర్‌కు సెలవులకు వచ్చిన నేను. రాజారాం మామ పొద్దున ఏడింటికే కార్ఖానాకు వెళ్లిపోయాడు. ఋతుజ వదిన ఫోనును కూడా కలిపితే ఐదుగురం. కలపాల్సిందే. ఆ రోజు మా అందరికంటే ముందు భోంచేసింది అదే!

తిండిని తినేముందు వీడియో తీసేవాళ్లను మీరు తిట్టుకుంటారని నాకు తెలుసు. దయచేసి మానండి. దేశంలో ఇంకా మిగిలి ఉన్న భక్తి అదొక్కటే. వెనకటికి దేవుడికి నైవేద్యం పెట్టాకే మనుషులు ముట్టేవారు. ఆ దేవుడు గంట గణగణమనగానే సరే తినండి అనేవాడు. కెమెరా దేవుడు అలా కాదు. పళ్లెం చల్లారేదాకా, పెరుగు నీరయ్యేదాకా చూసి గానీ వదలడు. మరి ఎవరి పూజలో నిష్ఠ ఎక్కువ?

నేను ఈ పూజను కళ్లారా చూసింది నీలం నగర్‌లో, మంగేశ్ కాకా ధపాటే బండి దగ్గర. ధపాటే అంటే మన సర్వపిండికి మరాఠీ అక్క అనుకోండి. జొన్నపిండిలో శనగపిండి, వెల్లుల్లి, కారం కలిపి, తడిగుడ్డ మీద చేత్తో పల్చగా తట్టి పెనం మీద కాలుస్తారు. మీద పెరుగు, పక్కన పల్లీల చట్నీ. ఆ చట్నీ ఒక్క వేలు నాకితే ముక్కూ కళ్లూ ఒకేసారి పని మొదలుపెడతాయి.

బండి ఎదురుగానే మామ పనిచేసే పవర్‌లూమ్ కార్ఖానా. మామకు ఒక అలవాటుంది. బీము అయిపోయిన రోజు, అంటే మగ్గం దూలానికి చుట్టిన నూలంతా చద్దర్లుగా మారిపోయిన రోజు, ఆయన ఇంటి నుంచి డబ్బా తీసుకెళ్లడు. ఒంటిగంటకు ఇచ్చే అరగంట సుట్టీలో మంగేశ్ కాకా దగ్గర రెండు ధపాటేలు తిని, వచ్చి కొత్త బీము ఎక్కిస్తాడు. ఇరవై ఏళ్లుగా అదే ఆయన పండుగ.

ఆరు నెలల కిందట ఎవరో ఈ బండి మీద రీల్ తీశారు. లైను పెరిగి, ఇక అరగంటలో ధపాటే అందడం ఆగిపోయింది. ఆ తర్వాత మూడు బీములు అయిపోయాయి. మూడుసార్లూ మామ చాయ్ తాగి మగ్గం దగ్గరికి వెళ్లాడు.

నాలుగో బీముకు అలా కాకూడదని అత్త నాకు స్టీలు డబ్బా ఇచ్చి పదకొండున్నరకే పంపింది. "ఒంటిగంటకు మామ చేతుల ఉండాలె. ఒకటిన్నరకు గంట కొట్టిర్రంటే మళ్ల రాత్రి ఏడింటిదాకా ఏం తినడు" అంది. నాకు తోడుగా ఋతుజ వదినను పంపింది. నిజానికి వదినకు తోడుగా నన్ను పంపిందని, ఆమె పర్సులోంచి స్టాండు, చిన్న లైటు, రెండో దుపట్టా బయటికి వచ్చాక తెలిసింది.

లైను ఎంత పొడుగుందంటే, ఇంకో పది మంది వస్తే తోక ఎక్కడో ఉన్న కొంతం చౌక్‌లో తేలేది! హోట్గి రోడ్ నుంచి కారులో వచ్చిన కుటుంబం తమ నాయనమ్మ చేత మొదటి ముద్ద నాలుగుసార్లు తినిపించింది. నాలుగోసారికి ఆమెకు ఆకలి తీరింది కానీ ముఖంలో పెట్టాల్సిన ఆశ్చర్యం అయిపోయింది. ఒకాయన పళ్లెం ముట్టకుండానే పదకొండుసార్లు "వావ్" అన్నాడు. పెరుగు మీద ఒక ఈగ వాలింది. దాన్ని ఎవరూ తోలలేదు. ఫోకస్ దాని మీదే కుదిరింది!

మంగేశ్ కాకాకు పాపం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. స్లో మోషన్ కోసం ఎవరో ఎత్తి ఉంచమన్నారు. దించమని చెప్పడం మరిచిపోయారు.

అయినా ఇందులో ఎన్ని లాభాలు! నాలాంటి సిగ్గరికి క్యూను మించిన చోటుందా? బడిలో మధ్యాహ్న భోజనం లైనులో చివర నిలబడి పదేళ్లు సాధన చేసినదాన్ని. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ముందువాళ్ల వీపు చూస్తే చాలు. ఇక కార్ఖానా వాళ్ల ఆరోగ్యమంటారా, సుట్టీకి ముందే ఇద్దరు బయటికి వచ్చారు, లైను చూశారు, నోట్లో తంబాకు వేసుకుని లోపలికి వెళ్లిపోయారు. అంత కారం తినే ప్రమాదం వాళ్లకు తప్పింది. ఏ డాక్టరు చేస్తాడు ఈ సేవ?

ఒంటిగంటకు ఐదు నిమిషాలుండగా నా వంతు వచ్చింది. గంటన్నరగా మనసులో తిప్పుకుంటున్న వాక్యం బయటపెట్టాను. "కాకా, దోన్ ధపాటే పార్సల్." పెనానికి వినిపించినా కాకాకు వినబడలేదు. వదిన గట్టిగా చెప్పింది. రెండూ డబ్బాలో పడ్డాయి. పొగలు కక్కుతున్నాయి. ఎదురుగా కార్ఖానా గేటు.

"జరా ఆగు శ్రావణీ. ఒక్కటే షాట్" అంది వదిన.

డబ్బా మూసి తెరవాలట. తెరిచి ఆశ్చర్యపోవాలట. మొదటిసారి నా ముఖం కెమెరాకు అందలేదు. రెండోసారి అందింది కానీ అది ఏడుస్తున్నట్టుందన్నారు. మూడోసారి పొగ తగ్గిందని కాకా చేత మళ్లీ వేడి చేయించారు. లైనులో ఉన్నవాళ్లంతా డైరెక్టర్లయ్యారు. నవ్వమని ఒకరు, తుంచమని ఒకరు, పెరుగు సాగేలా ఎత్తమని ఇంకొకరు. మామ ఆకలితో ఉన్నాడన్న ఒక్క మాట నా నాలుక చివర ఉంది. అంతమంది ముందు దాన్ని బయటికి తేలేకపోయాను. డబ్బా మూశాను. తెరిచాను. ఏడుసార్లు ఆశ్చర్యపోయాను.

ఎనిమిదోసారి తెరుస్తుంటే కార్ఖానాలో సుట్టీ అయిపోయిన గంట మోగింది.

రోడ్డు దాటి పరిగెత్తాను. మామ తలుపు దగ్గరికి వచ్చాడు. రెండు చేతుల వేళ్లకూ, సుట్టీలోనే కొత్త బీము పోగులు పట్టుకుని ముడేసిన గాట్లు. డబ్బా చాచాను. ఆయన చూశాడు కానీ ముట్టలేదు.

"గంట కొట్టిర్రు బిడ్డా. ఇప్పుడు ముడితే చేతికి నూనె అంటుతది. తెల్ల చద్దరు ఖరాబైతది" అన్నాడు. నేను తల దించుకున్నాను. నన్ను ఊరడించాలనుకున్నాడో ఏమో, "చాయ్ తాగిన తీ. మీరిద్దరు తినుర్రి" అన్నాడు. తర్వాత నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "వీడియో మంచిగొచ్చిందా?"

చూశారా, ఎవరికీ నష్టం లేదు. వీడియో చాలా బాగా వచ్చింది. సాయంత్రానికి వదినకు లైకులు, కాకాకు పేరు. కింద ఎవరో నోరూరుతోందని రాశారు. ఒకే ఒక్క మనిషికి ధపాటే అందలేదు, ఆయన కోసమే చేయించిన ధపాటే.

"మామా, ఒక్క ముక్కన్న తిను. నేను నోట్ల పెడత" అన్నాను. ఆ రోజంతటిలో నేను గట్టిగా అన్న మాట అదొక్కటే.

లోపల మగ్గాలన్నీ ఒకేసారి మొదలయ్యాయి. మామ చెవి దగ్గర చెయ్యి పెట్టి, ఏమీ వినబడలేదని తల ఊపాడు. బయటి ఎండనూ మగ్గం మీది పోగులనూ వేలితో చూపించి, ఎండగాలి తగిలితే పోగు తెగుతుందని సైగ చేసి, తలుపు వేసేశాడు.