గ్రౌండ్ పోయింది

శనివారం ఉదయం చక్రపాణి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కాఫీ తాగాలి, ముందురోజే పికప్ ట్రక్కులో సర్దిన పెళ్లి మండపాన్ని పార్కులోని గ్రౌండ్‌కి చేర్చాలి. స్నేహితుడు దివాకర్ కూతురు అనిక పెళ్లి. ముహూర్తం పదకొండూ నలభైకి.

తాళం తిప్పితే ట్రక్కు టిక్కుమని ఊరుకుంది. ఇండికేటర్ వేస్తే వైపర్లు ఊగాయి.

"కొత్త బ్యాటరీ వేసి వారం కూడా కాలేదు!" అన్నాడు చక్రపాణి.

"ఎర్త్ చూడు బాబూ," అంది అత్తగారు శేషమ్మ గ్యారేజీ గుమ్మంలోంచి. తెనాలిలో ముప్పయ్యేళ్లు కరెంటు శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. చక్రపాణి మర్యాదగా నవ్వి, ఫోన్‌లో వీడియోలు చూడడం మొదలుపెట్టాడు.

గంట తర్వాత సంగతి తేలింది. ఇంజన్‌ని ట్రక్కు చట్రంతో కలిపే రాగి పట్టీ, ఈ అమెరికా ఊరు షామ్‌బర్గ్ రోడ్ల మీద చలికాలం మంచు కరగడానికి చల్లే ఉప్పుకి చిలుమెక్కి తెగిపోయింది. దాన్ని గ్రౌండ్ స్ట్రాప్ అంటారట. భార్య నళిని కారులో పరుగెత్తి కొత్తది తెచ్చింది. బిగించాడు. ట్రక్కు మళ్లీ టిక్కుమంది.

అప్పుడే దివాకర్ ఫోన్. "ఎక్కడున్నావురా? పంతులుగారు వచ్చేశారు!"

"గ్రౌండ్ పోయిందిరా! మనవాళ్లని మా ఇంటికి పంపించు, అర్జెంట్!" అని పెట్టేశాడు చక్రపాణి. అతను కోరింది ట్రక్కు తోసి స్టార్ట్ చేయడానికి నలుగుర్ని. దివాకర్‌కి అర్థమైంది మాత్రం పార్కు బుకింగ్ పోయిందని. రెండు నిమిషాల్లో పెళ్లి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది: "గ్రౌండ్ క్యాన్సిల్. పెళ్లి చక్రపాణి ఇంట్లో."

ఇక్కడ శేషమ్మ వంగి చూసింది. "చట్రానికి పట్టిన తుప్పు మీద బిగిస్తే కరెంటు ఎట్లా పోద్ది నాయనా? ముందు బ్యాటరీ తీగ ఊడదియ్యి." చీర చెంగు నడుముకు దోపుకుంది. వంటింట్లోంచి ఇనుప అట్లకాడ తెచ్చి, తుప్పంతా పోయి ఇనుము తళతళలాడేదాకా అరగంటకు పైగా గీకింది. పట్టీ పెట్టి, బోల్టు బిగించి, బ్యాటరీ తీగ మళ్లీ తగిలించింది. డెబ్బయ్యేళ్ల మనిషి చేతిలో ఆ ఒడుపు చూసి చక్రపాణి సిగ్గుపడడం కూడా మర్చిపోయాడు. ఇన్నాళ్లూ ఈవిడకి టీవీ రిమోట్ నేర్పుతూ కూర్చున్నానా అనుకున్నాడు.

ట్రక్కు ఒక్క తిప్పుకే గర్జించింది. ఉత్సాహంగా గ్యారేజీ బయటికి పోనిచ్చి, గబుక్కున బ్రేకు తొక్కాడు. వీధి నిండా కార్లు. పట్టుచీరలు, సన్నాయి, పెళ్లికూతురు.

"గ్రౌండ్ పోయిందన్నావుగా!" అన్నాడు దివాకర్.

"ట్రక్కు గ్రౌండ్‌రా! ఎర్తింగు!"

"ఎర్త్ అని ఏడవొచ్చుగా!"

"పొద్దుట్నించీ నేను మొత్తుకుంటోంది అదేగా," అంది శేషమ్మ.

ముహూర్తానికి ఇంకా పాతిక నిమిషాలే ఉన్నాయి. పార్కు అరగంట దూరం. పంతులుగారు వాకిలి వెడల్పు కళ్లతోనే కొలిచి, "మండపం ఇక్కడే దించండి," అన్నారు.

తాళి కట్టించుకున్న అనిక, భర్తతో కలిసి మొదట శేషమ్మ కాళ్లకే దణ్ణం పెట్టింది. గ్రీజు చేతులతో అక్షింతలు వేయడానికి ఆవిడ మొహమాటపడితే, "పర్లేదు అమ్మమ్మా, వెయ్యండి," అని తల వంచింది. చక్రపాణికి కళ్లు చెమర్చాయి.

అంత కష్టపడి బాగుచేసిన ట్రక్కు ఆ రోజు చేసిన మొత్తం ప్రయాణం పద్దెనిమిది అడుగులు.