డాన్సు రోజున చావు కబురు

ఆ ఆదివారం యశోదమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే మిద్దె మీద వడియాలు పెట్టాలి. తర్వాత కూతురు రష్మిని చప్పుడు చేయకుండా ఫంక్షన్ హాలుకు తీసుకుపోవాలి, డాన్సు కాగానే అంతే చప్పుడు లేకుండా ఇంటికి తెచ్చుకోవాలి. బంధువుల్లో ఒక్క ప్రాణికి తెలియకూడదు.

బీదర్‌లో స్త్రీ శక్తి పేరుతో ఆడపిల్లలకు డాన్సు పోటీ పెట్టారు. రష్మి, ఆమె కాలేజీ స్నేహితురాళ్లు కలిసి ఒక పాట ఎంచుకున్నారు. ఆ రోజుల్లో ఏ ఫోన్ తెరిచినా అదే పాట. నా బతుకు నా ఇష్టమని ఒక అమ్మాయి దడదడమనే డప్పుల మధ్య పాడుతుంది. పల్లవి దగ్గర "అడగను! ఆగను! అదరను!" అంటూ అందరూ ఒక్కసారే కాలు నేలకేసి కొట్టాలి.

"అడగనంటే ఎట్లనే? ఎవర్నో ఒకర్ని అడగాలె గదా," అన్నది యశోదమ్మ.

"అది పాటమ్మా!"

"పాటలనైతే ఏంది? ఒక్కసారి అడిగితే ఏం బోతది?"

చివరికి ఒక షరతు మీద ఒప్పుకుంది. దుబల్గుండిలో ఉన్న ఆడబిడ్డ సుమిత్రాబాయి చెవిన ఈ సంగతి పడకూడదు. ఆమెకు తెలిస్తే హుమ్నాబాద్ తాలూకా అంతటికీ తెలిసినట్టే. "స్టేజీ ఎక్కి ఎగిరిన పిల్ల" అని పేరు పడితే రేపు ఎవరు సంబంధానికి వస్తారు?

ఇవన్నీ తలచుకుంటూ వడియాలు పెడుతుండగా ఒక కాకి ఎగిరొచ్చి యశోదమ్మ నెత్తి మీద తన్ని పోయింది.

కాకి తన్నడమంటే నవ్వులాట కాదు. మనిషికి ప్రాణగండం. దానికి విరుగుడు ఒక్కటే. ఆ మనిషి చనిపోయిందని దూరాన ఉన్న దగ్గరి చుట్టానికి కబురు చేయాలి. వాళ్లు మనసారా ఏడవాలి. ఏడ్చిన తర్వాత నిజం చెప్పాలి. ఆ కన్నీళ్లతో గండం కొట్టుకుపోతుంది.

యశోదమ్మ పిండి చేతులతోనే మెట్లు దిగింది. "ఏమయ్యా, జల్ది మీ అక్కకు ఫోన్ జెయ్యి. నేను సచ్చిపోయిన్నని జెప్పు."

పప్పుల దుకాణం నడిపే ఆమె మొగుడు గురునాథ్‌కు అబద్ధం చెప్పడం బేరంలో తప్ప చేతకాదు. "మా అక్కకే ఎందుకు?"

"ఏడ్పంటే ఆమెదే ఏడ్పు. మెల్లగ ఏడ్చేటోళ్లతోని ఇంత పెద్ద గండం పోతదా?"

గురునాథ్ ఫోన్ చేశాడు. "అక్కా... యశోద పోయిందే," అనేసరికి నవ్వొచ్చింది. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. అవతల అది వెక్కిళ్లలాగే వినిపించింది. సుమిత్రాబాయి పెట్టిన కేక ఫోన్ దాటి వంటింట్లోకి వచ్చింది.

"మంచిగ ఏడ్చింది," అన్నాడతను తృప్తిగా. "ఇగ నువ్వు మాట్లాడు."

పిండి ఎండిపోతుందని యశోదమ్మ ముందు వడియాలు ముగించి, గంటకు తన ఫోన్ నుంచి చేసింది. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఈసారి స్విచ్ ఆఫ్.

"అయ్యో, మీ అక్క గుండె గిట్ల ఆగిందేమో!"

"ఆమె గుండెకేమైతది? ఇసుర్రాయి అది. కాకి తన్నినప్పుడు ఇట్లనే చెప్తరని ఆమెకు మాలూం. ఆమెనే చేస్తది తియ్యి."

"అమ్మా, టైమైతాంది!" అని రష్మి గుమ్మంలోంచి అరిచింది. ఇంటికి తాళం వేసి ముగ్గురూ బయలుదేరారు.

హాల్లో యశోదమ్మ మొదటి వరుసలో కూర్చొని స్టేజీ చెక్కలనే చూస్తోంది. అవి విరిగితే ముందు ఎవరి కాలు దిగబడుతుందో అప్పటికే లెక్క వేసుకుంది. పాట మొదలైంది. "అడగను!" అంటూ పిల్లలు కాలు కొట్టారు. చెక్క విరగలేదు. "ఆగను!" అప్పుడూ విరగలేదు. ఆమె కాస్త ఊపిరి పీల్చుకున్నది.

సరిగ్గా అప్పుడే వెనక తలుపు ధడాలుమని తెరుచుకుంది. "ఓ నా మరదలా! నా తమ్ముణ్ణి ఆగం జేసి పోతివా!" అని రొమ్ము బాదుకుంటూ సుమిత్రాబాయి వచ్చింది. వెనక టెంపో నిండా తెచ్చిన ఆడవాళ్లు.

చచ్చిన మనిషి నంబరు నుంచి ఫోన్ రావడంతో దారిలో టెంపో మొత్తం వణికిపోయిందట. ఫోన్ ఆపేసి సీటు కింద పడేశారు. ఇంటికొస్తే తాళం. ఎదురింటి అబ్బయ్య, "అందరు ఫంక్షన్ హాల్‌కు పోయిన్రు," అన్నాడు. దుకాణం బాగా నడుస్తోంది కదా, శవాన్ని హాల్లో పెట్టించి ఉంటారనుకుంది సుమిత్రాబాయి. తీరా చూస్తే స్టేజీ మీద మేనకోడలు ఎగురుతోంది.

"తల్లి పీనుగ లేవకముందే ఎగురుతున్నవా బిడ్డా!" అంటూ ఆమె స్టేజీ ఎక్కింది. ఆమె వెనకే అందరూ ఎక్కారు. పాట ఆగలేదు. పాట ఆగనిదే ఆగొద్దని నేర్చుకున్న పిల్లలూ ఆగలేదు. వచ్చిన ఆడవాళ్లవి ఎన్నో ఇళ్లలో శోకాలు పెట్టిన చేతులు, తాళం తప్పవు. రొమ్ము మీద పడే ప్రతి దెబ్బా డప్పుతో కలిసింది. ఇదంతా డాన్సులో భాగమే అనుకొని జనం చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు.

యశోదమ్మ కుర్చీలోంచి లేస్తే, తనే దగ్గరుండి పిల్లను ఎగిరించిందని బయటపడుతుంది. లేవకపోతే పిల్ల, తల్లి చావు మీద ఎగిరిందని లోకం అనుకుంటుంది. ఆమె పరుగున స్టేజీ ఎక్కి, వ్యాఖ్యానం చెప్పే అమ్మాయి చేతిలోని మైకు లాక్కుంది.

"వదినే, ఆపు! నేను సావలే! బతికే ఉన్న! నేను సచ్చిన్నని ఎవరన్నరు?"

ఆ మాట అన్న మనిషి సౌండు పెట్టె వెనక నిలబడి పైన ఫ్యాను చూస్తున్నాడు.

"అదరను!" అంది పాట, చివరి పల్లవిలో. పిల్లలందరూ కాలు కొట్టారు. హాలంతా లేచి నిలబడింది. ఈలలు. సుమిత్రాబాయి యశోదమ్మ చెంప తడిమి చూసింది. వెచ్చగానే ఉంది. ఆ చెంప మీదే ఒకటి కొట్టి, కావలించుకొని భోరుమంది. ముందు వరుసల్లో ఆడవాళ్లు కొంగులు కళ్లకద్దుకున్నారు.

మొదటి బహుమతి రష్మి వాళ్లకే వచ్చింది. నోరు లేకుండా బతికిన తల్లి ఒకనాటికి నోరు తెరిచి "బతికే ఉన్న" అనడం కన్నా స్త్రీ శక్తి ఇంకేముంటుందని న్యాయనిర్ణేత మేడం కన్నడంలో పొగిడింది. ఫొటోలో కప్పు పట్టుకున్నది మాత్రం సుమిత్రాబాయి.

"మేం గూడ ఎగిరినం గదా," అన్నది. తర్వాత యశోదమ్మ వైపు తిరిగింది. "పిల్ల డాన్సని నాకెందుకు జెప్పలే?"

"నువ్వేమంటవోనని భయమైంది వదినె."

"సచ్చిన్నని జెప్పనీకి భయంగాలే, డాన్సని జెప్పనీకి భయమైందా? ముందే జెప్తే మంచి చీర కట్టుకొనొస్తుంటి!"

సాయంత్రానికి ఆ వీడియో ఊళ్లన్నీ తిరిగింది. రాత్రి కాకముందే నిర్ణా ఊరి నుంచి యశోదమ్మ సొంత అన్న శివానంద్ ఫోన్ చేశాడు.

"ఆడబిడ్డ చుట్టమైంది, నేను గాకపోతినా? సొంత చెల్లె సచ్చిందని నేను ఫోన్‌ల జూసి తెల్సుకోవాల్నా?"

చచ్చిన సంగతి సమయానికి చెప్పనందుకు యశోదమ్మ ఆయనకు ఇంకా క్షమాపణలు చెబుతూనే ఉంది.