తాత్కాలికంగా స్వర్గస్థురాలైన నోనీ హెహిర్

మానవజాతి ఇంతవరకు నెలకొల్పిన కార్యాలయాల్లో లోపమన్నది లేనిది ఒక్కటే ఉంది. అది ఐర్లండు పడమటి తీరాన, క్లేర్ జిల్లా కిల్‌వార్నాలో, మాంసం కొట్టు పైన ఉన్న బాణీమూల నిర్ధారణ కార్యాలయం. మంగళవారాలు మాత్రమే తెరుస్తారు. (మిగతా రోజుల్లో సంప్రదాయం తన కాళ్ల మీద తాను నిలబడగలదని వారి నమ్మకం.)

మా దగ్గర ఒక బాణీ వాయించబోయే ముందు అది ఎవరి దగ్గర నేర్చుకున్నామో చెప్పడం మర్యాద. "ఇది ఫలానా గొర్రెలాయన నేర్పింది" అంటేనే జనం గ్లాసు కింద పెట్టి వింటారు. ఈ మర్యాదను కార్యాలయంవారు పద్నాలుగో నంబరు ఫారంగా మార్చారు. ఏడో గడిలో నేర్పినవారి పేరు, ఎనిమిదో గడిలో వారు పోయిన తేదీ రాయాలి. ఎనిమిదో గడి ఖాళీగా ఉంటే అది సంప్రదాయ బాణీ కాదు, ఆగస్టు సంబరంలో ఊరి కూడలిలో వాయించనివ్వరు. ఎందుకని అడిగేవారికి మూడో నిబంధన ఉంది: "తప్పు వాయిస్తున్నావని చెప్పడానికి మనిషి మిగలని బాణీయే సంప్రదాయ బాణీ."

మా బ్యాండు పేరు ఊదా బురద. పాత ఐరిష్ బాణీలను సైకెడెలిక్ రాక్‌లో నానబెట్టి వాయిస్తాం. ఫియాక్రా మోచేతి కింద తిత్తి నొక్కుతూ పైపులు వాయిస్తాడు. ఆ స్వరం కాలి కింద ఉండే కరెంటు పెడల్‌లోంచి వెళ్లి, సాగి, సుడి తిరిగి, పావుగంట తర్వాత ఇంటికొస్తుంది. నేను మేకతోలు డప్పు కొడతాను. తక్కిన వారమంతా ఈ పత్రికలో వాన గురించి రాస్తాను.

పెడల్ చూసి మమ్మల్ని గెంటేస్తారని భయపడ్డాం. కార్యాలయాన్ని తక్కువ అంచనా వేశాం. నిబంధనలు రాసిన కాలానికి అలాంటి వస్తువు లేదు. కాలితో తొక్కేదే కాబట్టి దాన్ని పాదరక్షల కింద నమోదు చేసుకున్నారు. మా రంగురంగుల దీపాలను వాతావరణం కింద ఆమోదించారు. చిక్కల్లా నోనీ హెహిర్ బతికి ఉండటం వల్ల వచ్చింది.

నోనీకి ఎనభై మూడేళ్లు. మేం వాయించే 'కిర్రుమనే గేటు' ఆమె కట్టిన బాణీయే. పెళ్లయిన కొత్తలో దొడ్డి గేటు చప్పుడు విని ఫిడేలు మీద కట్టింది. ఇప్పుడు ఆమె కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది క్రిస్మస్ దాకా ఉంటే గొప్పేనని డాక్టరు చెప్పాడు. మేం సాధన చేసే పాత పాలకేంద్రం షెడ్డుకు వచ్చి, స్పీకరుకు తల ఆనించి కూర్చునేది. ఏప్రిల్‌లో అలా వినబడింది. జూన్ నాటికి చెవి దగ్గర చెప్పే మాటలే తప్ప బాణీ అందడం మానేసింది. సంబరానికి తెచ్చే స్పీకర్లు ఆవు మీద ఆవును నిలబెట్టినంత ఉంటాయి. ఇక వాటి మీదే ఆమె ఆశ.

"నా గేటు ఇంకొక్కసారి వినాలి నాయనా," అంది ఫియాక్రాతో. "నా పేరు చెప్పి మరీ వాయించండి. ఆ తర్వాత చెవి పోతే పోనీ."

మంగళవారం ముగ్గురం మెట్లెక్కాం. రిజిస్ట్రారు మలాకీ కన్సిడైన్ చాలా మర్యాదస్తుడు. నోనీ ఎడమ చెవి దగ్గరికి వంగి మరీ కుదరదని చెప్పాడు.

"మీ అమ్మ పెళ్లిలో ఈ బాణీ వాయించింది నేనేరా మలాకీ. నువ్వు పుట్టకముందు నుంచీ ఉంది," అంది నోనీ.

"ఉంది, కాదనను. కానీ మీరూ ఉన్నారు కదండీ. అక్కడే వచ్చింది చిక్కు."

"అయితే ఇప్పుడే పొమ్మంటావా?"

"అయ్యో, ఎంత మాట. తొందరేం లేదు. వచ్చే ఏడైనా ఫరవాలేదు."

"వచ్చే ఏటికి నా చెవి ఉండదు."

"ఫారంలో చెవికి గడి లేదండీ."

"పోనీ రాక్ విభాగంలో వేసుకోండి," అన్నాడు ఫియాక్రా.

"ఆ విభాగం రిజిస్ట్రారు తిత్తి చూస్తే ఒప్పుకోడు బాబూ. అదీ నేనే చూస్తున్నాను."

అయినా మలాకీది రాతిగుండె కాదు. కాసేపు కిటికీలోంచి వానను చూసి, అడుగు సొరుగులోంచి తాత్కాలిక మరణ ధ్రువీకరణ పత్రం తీశాడు. (ఒక ఫ్లూటు విద్వాంసుడు డబ్లిన్‌కు మకాం మార్చినప్పుడు ప్రవేశపెట్టినది.) దగ్గరివాళ్లెవరైనా సంతకం పెడితే చాలన్నాడు. నోనీ కళ్లజోడు పెట్టుకుని తనే పెట్టింది.

"పోయినావిడతో మీ సంబంధం?" మలాకీ కలం పట్టుకుని మళ్లీ ఆ చెవి దగ్గరికి వంగి అడిగాడు.

"పెద్దగా పడదు గానీ కలిసే ఉంటాం."

అదే రాసుకున్నాడు. లేచి మా ముగ్గురి చేతులూ వరసగా పట్టుకుని, మీకొచ్చిన కష్టానికి చింతిస్తున్నానన్నాడు. "మంచిదే పాపం, కాస్త నోరెక్కువ," అంది నోనీ. కిందికి దిగాక టీతో పాటు రెండు కేకు ముక్కలు తింది. అంత ఉషారుగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

సంబరం ఆదివారం మధ్యాహ్నం. సన్నటి జల్లు. పోయినవారికి కుర్చీ కేటాయించరు కాబట్టి నేనే పాలు పితికే పీట ఒకటి తెచ్చి స్పీకరు ముందు వేశాను. నోనీ కొత్త టోపీ పెట్టుకుని, ఎడమ చెవి స్పీకరు వైపు తిప్పి, చెయ్యి దాని మీద ఆనించి కూర్చుంది. మలాకీ వేదికెక్కి స్వర్గీయ నోనీ హెహిర్ పేరు చదివాడు. పీట దగ్గర నేను వేలు చూపించగానే ఆమె చెయ్యెత్తింది. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు ఆయన ఇరవై రెండో నిబంధన చదివాడు.

నేర్పినవారు పోయిన మొదటి ఏడాది వారి బాణీని సమాధి పక్కన వాయించినట్టు వాయించాలి. మెల్లగా వాయించాలి. కరెంటు ఉండకూడదు. నేర్పినవాళ్లందరూ ఎప్పుడో పోయినవాళ్లే కావడంతో ఆ నిబంధన ఉందని మాలో ఎవరికీ తెలియదు. మలాకీ ఫ్యూజు పీకి, శుభ్రమైన చేతిరుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. పెడల్ పాదరక్ష కాబట్టి దాన్ని తొక్కడానికి అభ్యంతరం లేదని అన్నాడు.

ఫియాక్రా పెడల్ మీంచి కాలు తీశాడు. నోనీ మా వైపు చూసి కానివ్వమన్నట్టు తలూపి కళ్లు మూసుకుంది. వాయించకపోతే ఆమె పేరు కూడా కొట్టేస్తారు. వాయించాం. నాకు ఒళ్లంతా మండిపోతూ ఉంటే, వేళ్ల కొసలతో డప్పు తడుముతూ కూర్చున్నాను. జనం టోపీలు తీశారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఈ కుర్రాళ్లకు ఇన్నాళ్లకు బుద్ధి వచ్చిందని చెప్పి సంబరపు పోటీ న్యాయనిర్ణేతలు మాకు మొదటి బహుమతి ఇచ్చారు.

నేను దిగి పీట దగ్గరికి వెళ్లాను. నోనీ చెయ్యి ఇంకా స్పీకరు మీదే ఉంది.

"జల్లు తగ్గిందిగా," అంది. "ఇంకా మొదలుపెట్టరేం?"

తర్వాతి మంగళవారం వెళ్లి రిజిస్టరు చూశాను. 'కిర్రుమనే గేటు' సంప్రదాయ బాణీగా శాశ్వతంగా నమోదైంది. చివరి గడిలో మలాకీ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: "వాయించిన తీరుపై, నేర్పినవారి నుంచి ఎలాంటి అభ్యంతరమూ రాలేదు."