తప్పిపోయిన పదహారు కిలోలు

ఆ మంగళవారం పొద్దున మొండయ్య అనుకున్న పని చాలా చిన్నది. హమాలీలు రాకముందే మిల్లుకు పోవాలి, పెద్ద కాంటాలో కూర్చుని తన తూకం తాను చూసుకోవాలి, ఏమీ ఎరగనట్టు దిగి బీడీ ముట్టించుకోవాలి. ఇందులో మనిషి ప్రాణం మీదికి వచ్చే ముచ్చట ఒక్కటీ లేదు. అయినా వచ్చింది.

పెద్దపల్లిలో భూపాల్‌రావు దొర బియ్యం మిల్లులో అతను ఇరవై ఏళ్ళుగా తూకం వేస్తున్నాడు. సేర్లూ మణుగులూ పోయి కిలోలు వచ్చాయి గానీ మొండయ్య కాంటా ముల్లు మాత్రం ఏనాడూ అబద్ధమాడలేదు. మొదటి తూకానికి 'ఒకటి' అనకుండా, మంచి జరగాలని 'లాభం' అని గొంతెత్తి రాగం తీసేవాడు. ఆ గొంతు విన్నాక రైతు లెక్క చూసుకునేవాడు కాదు. అంతటి మనిషి ఆ పొద్దు ఒక తట్టలో ఇనుప రాళ్ళు పేర్చి, రెండో తట్టలో తాను కూర్చున్నాడు. తొంభై రెండు కిలోలు. దిగబోతే ఊపిరి అందలేదు. గోడ పట్టుకుని నిలబడితే చెమటలు పట్టాయి. అసలే పిరికివాడు, సరాసరి కరీంనగర్ నుంచి వారానికోసారి వచ్చే డాక్టరు దగ్గరికి ఉరికాడు.

డాక్టరు గొట్టం పెట్టి చూసి, "రోజూ ఏం తింటవయ్యా?" అని అడిగాడు.

"మా ఇంట్లామె ఏం పెడ్తే గది సార్. నెయ్యి పోసిన రొట్టెలు, పల్లీల తొక్కు, గారెలు. పండుకునేటప్పుడు కుడుక ముక్క, బెల్లం."

"నెయ్యి బంద్. నూనె బంద్. పల్లీలు, కుడుకలు అన్నీ బంద్. మూడు నెలలు కొవ్వు ముట్టకు. లేకుంటే ఏదో ఒకనాడు గుండె టక్కున ఆగుతది."

ఆ 'టక్కున' అనే మాట మొండయ్య చెవిలో జోరీగలా దూరింది. ఇంటికి పోయేదాకా టక్కున, టక్కున అని కొట్టుకుంటూనే ఉంది.

పెళ్ళాం ఐలవ్వకు చెప్పుకుంటే సగం బరువు దిగేదే. కానీ ఎట్లా చెప్పడం? ఆమె అన్న ముత్యం ఐదేళ్ళ కింద విస్తరి ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే గుండె ఆగి పోయాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో 'గుండె' అన్న మాట వినబడితే చాలు, ఐలవ్వ కళ్ళు తేలేసి పడిపోయేది. నా గుండె సంగతి చెప్పి దీని గుండె ఆపడమెందుకు అని మొండయ్య నోరు కుట్టేసుకున్నాడు.

పోనీ, నెయ్యి వద్దని అందామా అంటే అదీ కుదరదు. ఏడాదిన్నర కింద విషజ్వరం వచ్చి మొండయ్య కట్టెపుల్లయ్యాడు. అప్పుడు ఐలవ్వ, "సమ్మక్క తల్లీ, నా పెనిమిటిని నిలబెట్టు. వచ్చే జాతరకు నిలువెత్తు బంగారం తూగుత, మేకపోతును ఇస్త" అని మొక్కుకుంది. ఆ తల్లికి బంగారమంటే బెల్లమే. మనిషి ఎంత తూగితే అంత బెల్లం. తల్లి కనికరించింది. మనిషి లేచాడు. మిగతాది నెయ్యి చూసుకుంది. అటువంటి ఇంట్లో నెయ్యి వద్దంటే తల్లి ఇచ్చిన ఒంటిని కాలదన్నినట్టే.

అందుకని మొండయ్య భయస్తులు మాత్రమే వేయగల ఉపాయం వేశాడు. "ఇంట్ల ఉడుకపోస్తుందే, పెరట్ల తింట" అని పళ్ళెం పట్టుకుని వెనక్కి పోయాడు. కార్తీకమాసపు చలిలో ఉడుకేమిటని ఐలవ్వ ఆలోచించలేదు. పెరట్లో మొక్కుకు తెచ్చిన మేకపిల్ల కట్టేసి ఉంది. రెండు రొట్టెలూ దాని ముందు పెట్టాడు. అది రొట్టెల కన్నా ముందు నెయ్యి నాకింది. మొండయ్య మిల్లుకు పోయి, హమాలీ కైలాసం కుండలోంచి ఇంత జొన్న గట్కా, ఉల్లిగడ్డ పెట్టించుకుని తిన్నాడు.

ఖాళీ పళ్ళెం చూసి ఐలవ్వ మురిసిపోయింది. మర్నాడు మూడు రొట్టెలు చేసింది. తర్వాత నాలుగు. గారెలు, నువ్వుల లడ్డూలు, సకినాలు, ఏది చేసినా పళ్ళెం అద్దంలా తుడిచి వచ్చేది. నెల తిరిగేసరికి మొండయ్య తొంభై రెండు నుంచి ఎనభై ఆరుకు దిగాడు. మిల్లు మెట్లు ఎక్కితే ఆయాసం లేదు. ఒళ్ళు తేలికై హాయిగా ఉంది. ఇంట్లో మాత్రం పరేషాన్ మొదలైంది.

"ఏమయ్యా, నలుగురు తినేది ఒక్కనివే తింటున్నవ్. ఒళ్ళేమో ఎండవట్టె. తిన్నదంతా యాడికి పోతుంది?" అంది ఐలవ్వ, అతని చొక్కా పట్టుకుని లాగి చూస్తూ.

"పని ఎక్కువైందే. ఫికర్ చెయ్యకు."

"కూసుండి తూకమేసేటోనికి గంత పనేంది?"

మొండయ్య లేచి పెరట్లోకి పోయాడు. మేక అతన్ని చూసి తోక ఆడించింది. దానికి మెడ కనబడటం లేదు.

రెండో నెలలో దర్జీ నాగయ్య మొండయ్య చొక్కాలు రెండుసార్లు బిగించాడు. దర్జీ బిగించిన చొక్కా ఊరికి తెలియకుండా ఉంటుందా? పక్కింటి చంద్రవ్వ గోడ మీదినుంచి తల పెట్టింది.

"ఐలవ్వా, తిన్నది ఒంటికి పడ్తలేదంటే అది రోగం కాదే. తల్లి వాపసు తీస్కుంటుంది. మొక్కు యాదిల ఉన్నదా?"

ఐలవ్వ పూనకం వచ్చే శివసత్తి యాదవ్వ ఇంటికి అప్పటికప్పుడు పరుగెత్తింది. యాదవ్వ చాట ముందు పెట్టుకుని, పసుపు బియ్యం తిప్పి, "తల్లి కోపం మీదున్నది. బంగారం ఇంటికి రావాలె. ముందుగాల్ల ఎంత తూగిండో గంత" అంది. దసరానాడు అందరూ నవ్వుతూ మొండయ్యను కాంటాలో కూర్చోబెడితే తొంభై రెండు తూగిన సంగతి ఊరందరికీ తెలుసు. వారం తిరగకుండా తొంభై రెండు కిలోల బెల్లం ఇంట్లో దిగింది. పసుపు రాశారు, బొట్లు పెట్టారు. బొట్టు పెట్టిన బంగారంలోంచి చిటికెడు తీసినా మహాపాపం.

ఆ బెల్లం దిబ్బను చూసిన క్షణాన మొండయ్యకు బుగులు పుట్టింది. అప్పటికి అతను తూగేది డెబ్భై ఎనిమిదే.

అంతటితో ఆగితే బాగుండేది. చంద్రవ్వ మాటకు నాగయ్య కత్తెర తోడై, మూడో నెలలో బజారులో వేరే కథ పుట్టింది. ఒకరోజు ఒక రైతు బస్తా కాంటా మీదినుంచి దింపేశాడు.

"నువ్వు వద్దు మొండన్నా. దొరను పిలువు, దొరనే తూకమెయ్యమను."

"ఏమైందిరా? ఇరవై ఏండ్ల సంది నా కాంటా మీద మాట వచ్చిందా?"

"ఎట్ల నమ్మాలె మరి? తల్లికి ఒప్పుకున్నది తొంభై రెండు కిలోల బంగారమాయె. జాతర దగ్గర పడ్డదని, తక్కువ తూగి మిగిలింది ఉంచుకోను ఒళ్ళు ఎండబెట్టుకుంటున్నవట. తల్లినే తూకంల దెబ్బ కొట్టెటోడు మమ్మల్ని ఇడుస్తడా?"

కాంటాదారుకు ఉన్నదల్లా ఆ పేరొక్కటే. అది పోతే మిగిలేది ఇనుప రాళ్ళు. ఆ మధ్యాహ్నం మొండయ్య ఇంటికి వచ్చి, గుండెలు చిక్కబట్టుకుని, నెయ్యి రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. తింటే గుండె టక్కుమంటుంది. తినకపోతే తల్లి ఊరుకోదు. ఒక చెయ్యి రొమ్ము మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు నమిలాడు. గొంతు దిగలేదు. ఉమ్మేశాడు. మేక దాన్నీ వదల్లేదు.

తూగే రోజు రానే వచ్చింది. దొర స్వయంగా పంపిస్తే నలుగురు హమాలీలు మిల్లు కాంటాను మోసుకొచ్చి వాకిట్లో వేలాడదీశారు. ఒక తట్టలో తొంభై రెండు కిలోల బంగారం. డప్పులు మోగుతున్నాయి. యాదవ్వ తల విరబోసుకుని అప్పుడే ఊగుతోంది. దొరతో సహా వాడంతా గుమిగూడింది. వాళ్ళలో సగం మంది దండం పెట్టడానికి, సగం మంది ముల్లు చూడటానికి వచ్చారు.

ఆ పొద్దు మొండయ్య తూకం డెబ్భై ఆరు. లోపల అర్రలో నిలబడి, ఇరవై ఏళ్ళలో చేయని పని చేశాడు. మిల్లునుంచి తెచ్చిన రెండు కిలోల రాళ్ళు ఎనిమిదింటిని తువ్వాలలో మూటగట్టి, నడుముకు చుట్టి, పైన దుప్పటి కప్పుకున్నాడు. 'తల్లీ, నిన్ను మోసం జేస్తలేను, నా భయాన్ని మోసం జేస్తున్న' అని మనసులో మొక్కుకుని బయటికి నడిచాడు.

హమాలీలు కిందికి పట్టుకున్న రెండో తట్టలో కాలు పెట్టాడు. ముడి జారింది. ఠంగుమని ఒక రాయి నేల మీద పడింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి, వరసగా ఎనిమిదీ దొర్లుకుంటూ పోయి దొర చెప్పుల దగ్గర ఆగాయి.

డప్పులు ఆగిపోయాయి. తట్టలో కూర్చున్న వట్టి మొండయ్య గాలిలోకి లేచాడు. బెల్లం తట్ట నేలకు కూర్చుంది.

"నా బంగారం యాడికి పోయిందిరా!" యాదవ్వ ఒక్క కేక వేసింది. వేపమండ అతని మొహం మీద ఆడుతోంది. "పదహారు కిలోలు యాడ దాసినవ్? నేనిచ్చిన ఒళ్ళు నాకు తక్కువ తూగుతవా?"

దొర మీసం సర్దుకుని, "మొండయ్యా, గీ పని నువ్వు చేస్తవనుకోలే" అన్నాడు. ఆ మాట యాదవ్వ కేక కన్నా గట్టిగా తగిలింది.

మొండయ్య గుండె డప్పును మించి కొట్టుకుంటోంది. ఇదిగో ఆగుతుంది, టక్కున, ఇక్కడే, ఊరందరి ముందు, దొంగ పేరు మోసుకుని. అతనికి నిజంగానే ఏడుపు వచ్చింది.

ఆ ఏడుపు ఎవరు గుర్తుపట్టినా పట్టకపోయినా ఒకరు పట్టారు. అది అన్నం పెట్టే మనిషి గొంతు. పెరట్లో తాడు తెగింది. గుంపును చీల్చుకుంటూ, చంద్రవ్వను పడదోసి, మేక వచ్చింది. నేల మీదినుంచి ఒక్క దూకు దూకి మొండయ్య ఒళ్ళో పడింది. అతను రెండు చేతులా కరుచుకున్నాడు. తట్ట కిందికి దిగింది, మళ్ళీ కొంచెం లేచింది, ఊగింది, ఆగింది.

ముల్లు నిట్టనిలువుగా నిలబడింది.

ఇరవై ఏళ్ళ అలవాటు, ముల్లు నిలబడగానే మొండయ్య నోరు తనంతట తానే తెరుచుకుంది.

"లాభం...!" అని రాగం తీశాడు.

"ఏం లాభమురా! ముందు సంగతి చెప్పు!" అని దొర గద్దించాడు.

మేకను పట్టుకునే మొండయ్య అంతా కక్కేశాడు. "డాక్టర్ సాబ్ నెయ్యి ముట్టద్దన్నడు దొరా. నాది గుండె. ఐలవ్వకు చెప్తే సస్తదని బుగులు. మూడు నెల్ల సంది అది పెట్టిందల్ల గీ మేక తిన్నది. నా పదహారు కిలోలు గిదే!"

'గుండె' అనేశాడు. అందరూ ఐలవ్వ వైపు చూశారు. ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకోవడానికి చేతులు కూడా చాపారు. ఐలవ్వ పడిపోలేదు. కొంగు నడుముకు దోపి కాంటా దగ్గరికి వచ్చింది.

"నేను సస్తనని చెప్పలేదా? మూడు నెల్ల సంది నువ్వు సస్తున్నవని రోజూ సచ్చిన. తల్లికి మొక్కిన, చాట తిప్పించిన, గుడ్డలల్ల మొఖం పెట్టి ఏడ్చిన. గిదంత మేకకు పెట్టేటందుకా?" అని అరుస్తూ, ఏడుస్తూ, అతని చెంపలు రెండూ తడిమి చూసింది. "ఊపిరి మంచిగ ఆడుతుందా ఇప్పుడు?"

"ఆడుతుందే. మెట్లు ఉరికెక్కుతున్న."

యాదవ్వ ఊగడం ఆపి, మేక కళ్ళలోకి కాసేపు చూసి తీర్పు చెప్పింది. "తూకం సరిపోయింది. వీని ఒళ్ళు సగం దీంట్ల ఉన్నది. దీన్ని కోస్తే వీన్ని కోసినట్టే. జాతరకు కోడిపుంజును తీస్కపోండ్రి."

దొర వంగి ఎనిమిది రాళ్ళూ తానే ఏరి, కాంటా పక్కన పేర్చాడు. "రేపు పొద్దున మిల్లుకు రా. తూకం నువ్వే ఎయ్యాలె" అన్నాడు.

జాతర వెళ్ళిపోయింది. ఉగాది దాటాక ఒక మంగళవారం డాక్టరు మొండయ్య వాకిట్లో కూర్చుని గొట్టం పెట్టి చూశాడు. గుండె గడియారంలా నడుస్తోందని సంతోషించాడు. అంతలో పెరటి వైపునుంచి ఎవరో మెట్లెక్కి అలిసిపోయినట్టు ఆయాసం వినబడింది. తొంగి చూస్తే, గుండ్రాయిలా తయారైన మేకపోతు ఒక్క మెట్టు ఎక్కి ఊపిరి పీల్చుకుంటోంది. పెనిమిటి ఒళ్ళు సగం అందులోనే ఉంది, ఆయన వంతు ఆయనకు పడాలి కదా అని ఐలవ్వ రోజూ పొద్దున నెయ్యి రొట్టెలు రెండు దానికే పెడుతోంది.

"దీనికి కూడ నెయ్యి బంద్ చెయ్యాలె" అన్నాడు డాక్టరు.

మొండయ్య ఒప్పుకున్నాడు, ఐలవ్వ ఒప్పుకుంది, కొమ్ములు వచ్చిన మేకకు మాత్రం ఆ మాట చెప్పే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ కలగలేదు.