పర్వతాలు చెలకలో ఎర్ర చువ్వలు

తొలకరి పడకముందే చువ్వలు పాతేసి, భోజనం వేళకు కొంపల్లిలో ఇంటికి చేరాలన్నది ఆ ఉదయం యజ్ఞనారాయణ వేసుకున్న ప్లాను. వానకు పొలాల్లో పైమట్టి ఎంత కొట్టుకుపోతుందో కొలిచే శాస్త్రవేత్త ఆయన. శామీర్‌పేట అవతల పర్వతాలు అనే రైతు చెలకను చూడగానే ఆయన మనసు పారేసుకున్నాడు. నిలువు వాలు, గట్టన్నమాటే లేదు, గట్టి వాన ఒకటి పడితే ఎర్రమట్టంతా చెరువు దారి పట్టేది. వానాకాలం మధ్యలో ఈ పరిశోధనకు డబ్బిచ్చే ఢిల్లీ పెద్దలు వచ్చి చూస్తారు. మట్టి కోత వాళ్ల కంటికి ఘనంగా ఆనితేనే పరిశోధన కొనసాగుతుంది. లేకపోతే మూట కట్టేయడమే.

పర్వతాలు మట్టి పరీక్షకని ఒప్పుకుని, ఆ పూట మేడ్చల్ వెళ్లాడు. చెలకలో అతని భార్య బాలమణి ఒక్కతే ఉంది. పైకొసకు ఎర్రరంగు పూసిన ఇనుప చువ్వలు వరసగా దిగుతుంటే ఆమెకు గుండెల్లో రాయి పడింది. అవి రింగురోడ్డు పుకార్ల రోజులు. ఎర్రగుర్తు పడిందంటే భూమి సర్కారుకు పోయినట్టే లెక్క.

"ఏంది సారూ గివి?"

"భూమి ఎంత పోతుందో చూడటానికమ్మా."

"మా భూమి పోతదా?"

"ఏటా పోతూనే ఉంది, మీరే గమనించడం లేదు. ఈ వానాకాలం ఇంకా పోతుంది."

"ఏడికి బోతది సారూ?"

"తిన్నగా చెరువులోకి."

బాలమణి కొడవలి అక్కడే పడేసి ఊళ్లోకి పరుగెత్తింది. కాసేపటికే జనార్ధన్ మోటారు సైకిలు మీద దిగాడు. అతను వార్డు మెంబరు, ప్లాట్ల వ్యాపారి. రోడ్ల సంగతి తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని అతని నమ్మకం.

"సార్, ఖుల్లా జెప్పుర్రి. ఎంత ఎడల్పు?"

"వెడల్పుతో పని లేదండీ. మేం చూసేది లోతు."

జనార్ధన్ గతుక్కుమన్నాడు. లోతు కొలిచే రోడ్డును అతను ఎన్నడూ వినలేదు. "పర్వతాలుది ఒక్కటేనా, అందరియి బోతయా?"

"ఈ వాలు మీదున్నవన్నీ పోతాయి. ముందు పోయేది పర్వతాలుది."

"రోడ్డు గాదుల్లా! సొరంగం! చెరువు కిందికెల్లి తొలుస్తరంట!" అని జనార్ధన్ ఊరంతా చాటాడు.

పర్వతాలు మేడ్చల్ నుంచి తిరిగొచ్చేసరికి ఇంటి ముందు ఏడుపులు. యజ్ఞనారాయణ జీపు ఎక్కుతుండగా వెళ్లి చేతులు పట్టుకున్నాడు.

"సారూ, మా బాపు చెమటోడ్చి చేసిన భూమి. ఆపే ఉపాయమే లేదా?"

యజ్ఞనారాయణ జీపులో పెట్టిన కాలు దించేశాడు. ఇన్నేళ్ల సర్వీసులో ఏ రైతూ ఆయన్ను ఈ ప్రశ్న అడగలేదు.

"ఎందుకు లేదు? వాలుకు అడ్డంగా కట్టలు వేయండి. వాటి మీద ఒత్తుగా గడ్డి నాటండి. ఇక పోతే నన్నడగండి!"

"సర్కారుకు తెల్వదా గీ ముచ్చట?"

"తెలుసు. పుస్తకాలే అచ్చేసింది. చదివే నాథుడు లేడు."

కట్టలున్న భూమి జోలికి సర్కారు రాదన్నమాట, సర్కారు మనిషే లోపలి కిటుకు చెప్పాడని పర్వతాలు కళ్లు తుడుచుకున్నాడు. చెప్పగానే చేసే రైతులుంటారని యజ్ఞనారాయణ కలలో కూడా అనుకోలేదు కనుక నిశ్చింతగా ఇంటికి పోయాడు.

తెల్లారేసరికి ఊరు ఊరంతా చెలకల్లో ఉంది. ట్రాక్టర్లు వచ్చాయి. పెళ్లి వాయిదా వేసుకుని ఒకాయన కట్ట పోశాడు. ప్లాట్లకని చదును చేసిన తన నేలకు కూడా జనార్ధన్ అడ్డకట్టలు వేయించాడు. ఆ తర్వాత వానలు దంచికొట్టాయి, పెద్దలు వచ్చేదాకా యజ్ఞనారాయణ మళ్లీ అటు రాలేకపోయాడు.

ఢిల్లీ పెద్దలను, యజ్ఞనారాయణను ఆయన పై అధికారి డైరెక్టరు గోపాలరావు స్వయంగా జీపులో వెంటబెట్టుకొచ్చాడు. గేదె దిగితే కొమ్ములు కూడా కనిపించని గండ్లు చూపిస్తానని దారంతా ఊరించాడు. తీరా దిగి చూస్తే కొండ మీది మెట్లలా కట్టలు, వాటి మీద పచ్చటి గడ్డి, దిగువన తేటనీళ్లు. ఒక కట్టకు అడ్డంగా ఇందిరమ్మ అనే ముసలావిడ పడుకుని ఉంది.

"నన్ను తొక్కి పోండ్రి!" అంది.

జనార్ధన్ ముందుకొచ్చి తనకొచ్చిన ఉర్దూలో గర్జించాడు. "సాబ్! హమారీ జమీన్ నై జాతీ!"

"ఏక్ ఇంచ్ బీ నై జాతీ!" అంది ఊరు.

ఢిల్లీ అధికారి చువ్వలు చూశాడు, నీళ్లు చూశాడు. "భూమి అంగుళం కూడా పోవడం లేదని రైతులే చెబుతుంటే, మీరు కొలిచేది ఏమిటి?" అన్నాడు హిందీలో.

యజ్ఞనారాయణ కంగారుగా పర్వతాలును ముందుకు లాగాడు. "చెప్పవయ్యా! కట్టలు వేయకముందు పోయేది కదా?"

కిటుకు చెప్పిన సంగతి బయటపడకుండా సారును కాపాడే సమయం వచ్చిందని పర్వతాలు ఆయనకు కన్ను గీటాడు. "నై సాబ్. మా తాతల సంది ఒక్క మట్టిపెళ్ల పోలే."

పెద్దలు జీపెక్కి వెనక్కి తిరిగారు. సొరంగం తప్పిందని ఊరు ఈలలు వేసింది. బాలమణి యజ్ఞనారాయణ మెడలో బంతిపూల దండ వేసింది. ఆ దండతోనే అరుగు మీద కూర్చుని ఆయన మొదట్నుంచీ జరిగినదంతా విడమరచి చెప్పాడు.

"అంటే సొరంగం రాదా?" అన్నాడు పర్వతాలు.

"ఎప్పుడూ లేదయ్యా."

"రోడ్డు గూడ రాదా?" అన్నాడు జనార్ధన్ నీరసంగా. అంతా పరేషాన్‌గా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

బాలమణి మాత్రం చెలక వైపు చూసింది. "మట్టి అయితే నిలిచింది గదా సారూ," అంది.

అది గోపాలరావుకూ అర్థమైంది. పరిశోధనకు చివరి అవకాశంగా, వారం తిరక్కుండా ఆయన యజ్ఞనారాయణను మట్టి బాగా కొట్టుకుపోయే మరో ఊరికి పంపించాడు, అక్కడి రైతులతో మాట్లాడకూడదన్న షరతు మీద.